పదహారు నిమిషాలు

దొలోన్ కనుమలో గాలికి పెద్దా చిన్నా లేదు.
లాప్‌టాప్‌ను కోటు కింద కడుపుకి కట్టుకుని వచ్చాను,
ఈ చలికి నాకంటే ముందు దాని బ్యాటరీ చస్తుంది.
నరీన్ బజారులో తుప్పుపట్టిన నీలం కంటైనరు నా దుకాణం.
తాళాల పని మేనమామ నేర్పాడు.
చిప్పుల పని ఎవరూ నేర్పలేదు,
మూడు కార్లు పాడుచేసి నేనే నేర్చుకున్నాను.

టోక్తోసున్ షేరు టాక్సీ నడుపుతాడు.
నిన్న రాత్రి మంచులో దిగబడ్డ ఎవరి లారీనో తోయడానికి
బండి ఆపి, తాళం వేసి, దిగాడు.
లారీ కదిలింది.
అతని ప్రయాణికులు నలుగురూ ఆ లారీలో ఖాళీ చూసుకున్నారు,
డబ్బులివ్వకుండా.
అప్పుడు జేబులో చెయ్యి పెట్టాడు.
చెయ్యి అవతలికి వచ్చింది.
"చిల్లు సంగతి తెలుసు బురుల్‌చా," అన్నాడు దారిలో,
"సూది పట్టడమూ తెలుసు.
తెలిసిందే కదా అని ఊరుకున్నాను."

తలుపు తాళంలోకి సన్నటి రేకు దూర్చి కళ్ళు మూసుకున్నాను.
పళ్ళ లెక్క వేళ్ళకే అందాలి.
నా వ్యాను వెనక మిషను కీచుమంది,
మంచు మీద పసుపు చిందినట్టు ఇత్తడి పొడి.
తలుపు తెరుచుకుంది.
తాళం తిప్పగానే డాష్‌బోర్డులోంచి ఒక ఆడగొంతు
జపాన్ భాషలో ఏదో నెమ్మదిగా చెప్పింది.
"సరే అక్కా," అన్నాడు టోక్తోసున్.
ఏమంటోంది?
"ఎవరికి తెలుసు! కొన్నప్పటినుంచీ తొమ్మిదేళ్ళుగా చెప్తోంది.
ఊ కొట్టకపోతే బాగుండదు."

ఇంజను మాత్రం ఒప్పుకోలేదు.
తెర మీద ప్రశ్న:
పాత తాళాలన్నీ చెరిపేయాలా? అవును. కాదు.
బండి అతనిది, అందుకే అడిగాను.
"చెరిపేస్తే?"
పోయింది రేపు దొరికినా బండి గుర్తుపట్టదు.
అతను మంచు వైపు చూశాడు.
రోడ్డు పక్కన నడుములోతు మంచు, లోయ దాకా.
"పోలేదది. ఇక్కడే ఉంది. కనబడ్డం లేదంతే.
ఉన్నదాన్ని లేదనమంటావు."
నా కాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయంటున్నాను, అన్నాను.
గ్లోవు తీసి తనే నొక్కాడు.

పదహారు నిమిషాలు.
బండి మరిచిపోవడానికి అంతసేపు పడుతుంది.
దొంగకి అంత ఓపిక ఉండదని
తయారుచేసినవాళ్ళ ధైర్యం కాబోలు.
ఎర్రదీపం ఆరుతూ వెలుగుతూ ఉంది,
మేం కురుత్ ఉండలు చప్పరిస్తూ కూర్చున్నాం,
పుల్లగా, ఉప్పగా, రాయిలా.
ఏడో నిమిషంలోనో ఎనిమిదిలోనో అన్నాడు:
"దానికో చిన్న గంట ఉండేది.
బండితోపాటే సముద్రం దాటి వచ్చింది.
నాకు ముందు ఎవరో కట్టుకున్నారు. నేను విప్పలేదు."
నేనేమీ అనలేదు. దీపం కేసి చూస్తున్నాను.

ఇంజను అందుకుంది.
సగం డబ్బిచ్చాడు, సగానికి కురుత్ సంచీ.

మే నెలలో, మంచు కరిగి వాగులు బురదగా పారే రోజుల్లో,
దుకాణం ముందు గంట చప్పుడు.
గొర్రె కాలికింద మోగిందట, కాపరి పిల్లాడు తెచ్చిచ్చాడట.
ప్లాస్టిక్ పొట్టు లేచింది, ఇనుము బాగానే ఉంది.
ఇద్దరం బండి దగ్గరికి వెళ్ళాం.
తలుపు తెరుచుకుంది, పాత చుట్టాన్ని గడప దాకా రానిచ్చినట్టు.
లోపల తిప్పితే ఇంజను ఒక్కసారి దగ్గి ఊరుకుంది.
ఆ గొంతు మాత్రం ఎప్పటి మాటే ఎప్పటిలాగే చెప్పింది.
టోక్తోసున్ ఈసారి ఊ కొట్టలేదు.

మళ్ళీ నేర్పిస్తాను, అన్నాను,
ఇప్పుడైతే రెండు నిమిషాల పని, డబ్బులొద్దు.
తల అడ్డంగా ఊపాడు.
గంట విప్పి కొత్తదానికి కట్టాడు, గోళ్ళతో ముడి బిగించి.
పాతది నా చేతిలో పెట్టాడు.
"నీ మేకుకు తగిలించు.
తాళం లోపలే మరిచి తలుపేసుకునే మనిషిని నేను.
ఆరోజుకి తలుపు తెరిస్తే చాలు ఇది."

తగిలించాను, టేపు మీద బండి నంబరు రాసి.
అతను బజారు దాటేదాకా గంట వినబడుతూనే ఉంది.
జేబు ఇంకా కుట్టుకోలేదు.